సాఫ్ట్‌వేర్ వదిలి శరణార్థుల కోసం పనిచేసే ఉద్యోగానికి వెళ్లొచ్చా? 34 లక్షల లోన్ ప్రశ్న

వాన_చినుకు
వయసు 27. హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం, నాలుగేళ్లు నిండాయి. జీతం బాగానే ఉంది, పనే నచ్చడం లేదు. 2020 మే ఎండల్లో మేడ్చల్ హైవే మీద నడిచి వెళ్తున్న వలస కూలీలకు మజ్జిగ ప్యాకెట్లు పంచడానికి వెళ్లాను. అప్పటి నుంచి బుర్రలో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. ఆరు నెలలుగా శరణార్థులతో పనిచేసే ప్రొటెక్షన్ ఉద్యోగాల గురించి చదువుతున్నాను. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కి సీటు వచ్చింది. ఫీజు, ఖర్చులు కలిపి 34 లక్షల లోన్. తర్వాత ఐరాస శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌లో చేరాలని ప్లాన్. నాన్న "సేవ చేయాలనుంటే ఆదివారం చేసుకో, ఉద్యోగం ఎందుకు మానడం" అంటున్నారు. ఈ ఫీల్డ్‌లో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? తిట్టినా పర్లేదు, నిజం చెప్పండి. సీటు కన్ఫర్మ్ చేయడానికి మూడు వారాలే ఉంది.

పుల్లట్టు
మీ నాన్నగారికి నా ఓటు.

ఎక్సెల్_ఎల్లయ్య
లోన్ లెక్క వేశారా? 34 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకు దాదాపు 47 వేలు కట్టాలి. నేను పదేళ్లుగా ఎన్జీవో అకౌంట్స్ చూస్తున్నాను. మా దగ్గర ఫీల్డ్‌లో చేరేవాళ్ల జీతమే అంత ఉండదు.

సందేహాల_సత్తి
ప్రొటెక్షన్ ఆఫీసర్ అంటే బాడీగార్డా?

జెనీవా_కాదు_జనగామ
సత్తి గారూ, మా మేనమామ పదేళ్లు అలాగే అనుకున్నాడు. పెళ్లిళ్లలో "మావాడు రక్షణ శాఖ" అని పరిచయం చేసేవాడు. గృహహింస చట్టం కింద కూడా ప్రొటెక్షన్ ఆఫీసర్లు ఉంటారు, అది వేరు. ఇక్కడ ప్రొటెక్షన్ అంటే, పారిపోయి వచ్చిన మనిషిని ప్రాణభయం ఉన్న చోటికి మళ్లీ తోసేయకుండా చూడటం, కాగితాలు పుట్టించడం, తప్పిపోయిన పిల్లల్ని కుటుంబంతో కలపడం, పోలీసు పట్టుకెళ్తే వకీలుని పంపడం. రోజంతా కంప్యూటర్ ముందు చేసే పని కూడా చాలా ఉంటుంది.

ఇక వాన_చినుకు బ్రో, నేను చెప్పేది నచ్చదు. పదకొండేళ్లు ఈ ఫీల్డ్‌లో ఉన్నాను. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది. జూలై 1 నాటికి ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే లేకుండా పోయింది. యూఎన్‌హెచ్‌సీఆర్‌కి వచ్చే విరాళాల్లో అప్పటిదాకా 40 శాతం పైచిలుకు అమెరికాదే ఉండేది. జూన్‌లో దాదాపు 3,500 పోస్టులు తీసేస్తున్నామని వాళ్లే ప్రకటించారు. నేనున్నది వేరే సంస్థ. ఒక గురువారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టారు, ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఐదు నిమిషాలు థాంక్స్ చెప్పడానికే సరిపోయింది.

ఇలా బయటికి వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారనుకుంటున్నారు? మీరు అప్లై చేయబోయే పోస్టులకే అప్లై చేస్తున్నారు. పదేళ్ల అనుభవం, ఫ్రెంచో అరబిక్కో చేతిలో పెట్టుకుని. 2024 చివరికి ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు ప్రపంచంలో 12.32 కోట్ల మంది. పని కొండంత ఉంది, పోస్టులు లేవు.

వాన_చినుకు
బ్రో కాదు అన్నా, చెల్లెల్ని 🙂 అయితే ఎవరూ చేరడమే లేదంటారా?

జెనీవా_కాదు_జనగామ
సారీ చెల్లెమ్మా. చేరేవాళ్లు చేరుతున్నారు, కానీ గుమ్మాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఐరాసలో మూడు మెట్ల వరసలుంటాయి. జీ అంటే లోకల్ ఆఫీసు సిబ్బంది. ఎన్‌ఓ అంటే సొంత దేశంలో ఆఫీసర్. పీ అంటే దేశదేశాలు తిరిగేవాళ్లు. పీ-2కి మాస్టర్స్ పైన కనీసం రెండేళ్ల అనుభవం, పీ-3కి ఐదేళ్లు అడుగుతారు. ఇప్పుడు పీ-2కి వచ్చే అప్లికేషన్లలో రెండేళ్లవాళ్లు పైకి రావడం కష్టం.

జేపీఓ, అంటే జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ అని ఒక దారి ఉంది. దానికి డబ్బిచ్చేది ధనిక దేశాల ప్రభుత్వాలు, ఎక్కువ భాగం తమ పౌరులకే. ఐరాస యువ ఉద్యోగుల కోసం పెట్టే వైపీపీ పరీక్ష 32 ఏళ్లు దాటని వాళ్లకి, అదీ ఆ ఏడాది జాబితాలో మన దేశం పేరుంటేనే. మనకు మిగిలేది యూఎన్‌వీ, అంటే ఐరాస వాలంటీర్ల కార్యక్రమం. దాని హెడ్డాఫీసు జర్మనీలో బాన్. వాళ్లు ఇచ్చేది జీతం కాదు, బతకడానికి అలవెన్సు. లేదంటే ఎన్జీవో. నేను ఎన్జీవో నుంచే వెళ్లాను. మాస్టర్స్ డిగ్రీ ఒక్కటే పట్టుకుని నేరుగా పీ పోస్టులోకి వెళ్లిన తెలుగువాడిని నేనైతే ఇంతవరకూ చూడలేదు.

పుల్లట్టు
జీ, ఎన్‌ఓ, పీ. మా స్టేట్ గవర్నమెంటు పే స్కేళ్లే నయం.

నీళ్ల_ఇంజనీరు
అందరూ ప్రొటెక్షన్ ప్రొటెక్షన్ అంటున్నారు గానీ లోపలికి వెళ్లే తలుపులు ఇంకా ఉన్నాయి. నాది కాకినాడ, సివిల్. గ్రామీణ నీటి సరఫరా కాంట్రాక్టుల్లో ఆరేళ్లు పైపులు వేశాను. ఆ అనుభవం మీదే నన్ను తీసుకున్నారు, మాస్టర్స్ లేదు. దక్షిణ సూడాన్‌లో మాబాన్ అనే చోట రెండేళ్లు చేశాను. డోరో క్యాంపు, సూడాన్‌లోని బ్లూ నైల్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు.

పని ఎలా ఉంటుందో చెప్తా. మనిషికి రోజుకు 15 లీటర్లు ఇవ్వాలని లెక్క. తాగడం, వండుకోవడం, స్నానం అన్నీ అందులోనే. మనింట్లో ఒక్క ఫ్లష్‌కి పోయేదెంతో చూసుకోండి. పొద్దున ఐదున్నరకి ట్యాప్‌స్టాండ్ దగ్గరికి వెళ్తే మనుషులుండరు, పసుపు జెర్రీక్యాన్ల వరస ఉంటుంది. క్యాను లేనివాళ్లు రాయి పెట్టి వెళ్తారు. ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు, తెలియనిది నాకొక్కడికే. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి అందులో ఒక మాత్ర వేయాలి. గులాబీ రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తిరక్కపోతే ఆ రోజంతా నాకు టెన్షన్.

ఒకసారి ఆడవాళ్ల మరుగుదొడ్లు కట్టాం. 20 మందికి ఒకటి, పుస్తకంలో ఉన్న లెక్కే. నెల తర్వాత చూస్తే సగం వాడటం లేదు. ఎందుకో మగవాళ్లను అడిగితే తెలీదన్నారు. మా టీమ్‌లో ఉన్న సూడానీ అమ్మాయి వెళ్లి అడిగితే ఒక్క ముక్కలో తేలింది: తలుపుకి లోపల గడియ లేదు, దారిలో లైటు లేదు. గడియలు బిగించడానికి రెండు రోజులు పట్టింది, లైట్లకి మూడు నెలలు. నా దృష్టిలో ప్రొటెక్షన్ అంటే ఆ గడియ.

పుల్లట్టు
తిండి సంగతేంటి ఇంజనీరు గారూ?

నీళ్ల_ఇంజనీరు
అక్కడికి వెళ్లేది ఐరాస చిన్న విమానంలో, మనిషికి సామాను 20 కిలోలే. నాలుగు కిలోలు ఆవకాయకి పోయేది. మా బాసు ఇటలీవాడు, బ్రెడ్డుకి రాసుకుని తినేవాడు. వాడి వల్లే రెండో డబ్బా తీసుకెళ్లాల్సి వచ్చేది.

బాలాపూర్_బస్సు
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. జెనీవా వచ్చింది, సూడాన్ వచ్చింది. వాన_చినుకూ, మీ ఆఫీసు ఏ హైటెక్ సిటీలోనో ఉంటుంది. అక్కడికి ఓ గంట దూరంలో బాలాపూర్ ఉంది, ఎప్పుడైనా వెళ్లారా? మియన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు వేల మంది ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. చిత్తు కాగితాలు, పాత సామాను ఏరి అమ్ముకుంటారు, కూలికి వెళ్తారు. నేను ఆరేళ్లుగా అక్కడ కేస్‌వర్కర్‌ని. నా జీతం ఇక్కడ రాయను, ఎల్లయ్య గారు చెప్పింది నిజమే.

ఒక్క కేసు చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. నిండు నెలల గర్భిణి. ఒక ప్రభుత్వాసుపత్రిలో చేర్చుకోవడానికి ఆధార్ అడిగారు. ఆమె కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు తీసింది. కౌంటర్లో అతను దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది ఏ బ్యాంకుది?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలీదు. నేను ఆర్ఎంఓ దగ్గరికి, అక్కడి నుంచి సూపరింటెండెంట్ దగ్గరికి, మళ్లీ కిందికి. రాత్రి ఎనిమిదికి చేర్చుకున్నారు. పాప పుట్టింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు తప్పు పడింది. దిద్దించడానికి ఐదు నెలలు తిరిగాను. ఒక అక్షరం కోసం ఇంత రచ్చ ఎందుకంటే, 1982 పౌరసత్వ చట్టంతో మియన్మార్ ప్రభుత్వం రోహింగ్యాలను తన పౌరుల లెక్కలోంచి తీసేసింది. ఆ పాప ఎక్కడ, ఎవరికి పుట్టిందో చెప్పేది ఆ ఒక్క కాగితమే.

చదువు వద్దనను. కానీ ముందు ఒక ఏడాది ఈ పని చేసి చూడండి. నచ్చకపోతే 34 లక్షలు మిగిలినట్టే.

పక్కా_లోకల్
ఇక్కడ మనవాళ్లకే డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు దిక్కులేవు. బయట నుంచి వచ్చినవాళ్లకి ఇంత సేవ ఎందుకో అర్థం కాదు. అక్రమంగా వచ్చారని కేంద్రమే చెప్తోంది కదా?

నల్లకోటు
పక్కా_లోకల్ గారి ప్రశ్నకి చట్టం వైపు నుంచి చెప్తాను. 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. మొన్నటి వరకూ 1946 నాటి విదేశీయుల చట్టం, 2025 సెప్టెంబర్ నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం. వాటి కళ్లకి శరణార్థి, వీసా అయిపోయిన టూరిస్టు దాదాపు ఒకటే. శ్రీలంక తమిళుల్నీ టిబెటన్లనీ ప్రభుత్వమే చూసుకుంటుంది. అఫ్గాన్, మియన్మార్ వాళ్లను ఢిల్లీలోని యూఎన్‌హెచ్‌సీఆర్ నమోదు చేస్తుంది.

కానీ రాజ్యాంగంలో 14, 21 అధికరణలు "పౌరుడు" అనవు, "వ్యక్తి" అంటాయి. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. అలాగని కోర్టు ఎప్పుడూ అటే నిలబడిందని అనుకోకండి. 2021 ఏప్రిల్ 8న జమ్మూలో పట్టుబడిన రోహింగ్యాల కేసులో, పద్ధతి ప్రకారమైతే పంపించొచ్చంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే మా పని. ఎల్ఎల్‌బీ ఉన్నవాళ్లకి ఈ ఫీల్డ్‌లో గిరాకీ అందుకే.

కంచరపాలెం_కుర్రాడు
పక్కా_లోకల్ అన్నా, గొడవకి రాలేదు. మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. వాళ్ల నాన్న రేవులో కూలి. అక్కడ తెలుగోళ్లని కోరంగీలు అనేవాళ్లట, మన కోరంగి రేవు నుంచి వెళ్లారు కాబట్టి. 1962లో సైన్యం వచ్చింది, తర్వాత కొట్లు, మిల్లులు అన్నీ సర్కారు లాక్కుంది. మావాళ్లు ఓడెక్కారు. ఎక్కే ముందు ఆవిడ చెవి కమ్మలు కూడా తీయించారని ఇప్పటికీ తమ్మెలు తడుముకుంటూ చెప్తుంది. విశాఖలో మేముండే చోటికి బర్మా క్యాంప్ అని ఇంకా పేరు. చిన్నప్పుడు బళ్లో మా అమ్మని "కాందిశీకుల పిల్ల" అనేవాళ్లట. నేను చాలా రోజులు అది కులం పేరనుకునేవాణ్ణి.

నల్లకోటు
మంచి విషయం చెప్పారు. టెక్నికల్‌గా వాళ్లు శరణార్థులు కారు, భారత సంతతివారు కాబట్టి రీపాట్రియేట్స్, తిరిగొచ్చినవాళ్లు.

కంచరపాలెం_కుర్రాడు
అమ్మమ్మకి చెప్తాను సార్. పుట్టాక మొదటిసారి చూసిన ఊరికి "తిరిగి" ఎలా వచ్చిందో ఆవిడే మిమ్మల్ని అడుగుతుంది.

పక్కా_లోకల్
ఆ కథ వేరు తమ్ముడూ, వాళ్లు మనవాళ్లు. నా మాట మీద నేనున్నా. కానీ కమ్మల ముక్క బాధేసింది.

చింతూరు_చెట్టు
"మనవాళ్లు" అన్నారు కాబట్టి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి సాయుధ దళాలను దింపిన సల్వా జుడుం మొదలయ్యాక అక్కడి ఆదివాసీలు వేల మంది ఇటు ఖమ్మం, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చేశారు. ఇక్కడ గుత్తికోయలు అంటారు. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. పుస్తకాల భాషలో అంతర్గత నిర్వాసితులు. వాళ్లకి ఒప్పందం లేదు, కార్డు లేదు, 1998 నాటి ఐరాస మార్గదర్శక సూత్రాలున్నాయి గానీ వాటిని ఏ ఫారెస్టు బీట్ ఆఫీసరుకి చూపించమంటారు? అక్కడ ఎస్టీ, ఇక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు. పోడు కొట్టుకుంటే కేసు. గుడిసెలు పీకేస్తే మళ్లీ ఇంకొంచెం లోపలికి పోతారు. నేను పిల్లల్ని అంగన్‌వాడీ లెక్కల్లోకి ఎక్కించే పని చేశాను, నాలుగేళ్లు. కోయ భాష రాకుండా వెళ్లిన మొదటి ఆరు నెలలూ దండగ. మాస్టర్స్‌కి వెళ్లినా, వెళ్లకపోయినా ఒక భాష నేర్చుకోండి. అది లోన్ లేకుండా వస్తుంది.

ఎక్సెల్_ఎల్లయ్య
బాలాపూర్_బస్సు గారు ఒక ఏడాది ఇక్కడే చేయమన్నారు, మంచి సలహానే. కానీ ఎన్జీవోల్లో ఉద్యోగాలు ఎందుకు తగ్గాయో కూడా చెప్పాలి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏకి, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి సవరణ వచ్చింది. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వడం నిషేధం. ఢిల్లీలో పెద్ద సంస్థ తీసుకుని జిల్లాల్లో చిన్న సంస్థలకి పంచే పద్ధతి ఆగిపోయింది. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. దాంతో జీతాల విషయంలో ప్రతి సంస్థా భయపడుతోంది, ఏది ప్రోగ్రాం ఖర్చు, ఏది ఆఫీసు ఖర్చు అని. నా ఉద్యోగం మాత్రం దాని వల్లే గట్టిగా ఉంది 😀

అన్నట్టు మీరు టెస్టింగ్ అన్నారు. చాలా సంస్థల్లో సర్వేలు కోబోటూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ మీద నింపుతారు. ఆ ఫారాల్లో తప్పులు పట్టేవాళ్లు లేక డేటా అంతా చెత్తగా వస్తుంది. దీన్ని వాళ్లు ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అంటారు. ప్రొటెక్షన్ పోస్టు కంటే ఆ పోస్టుకి పోటీ తక్కువ. మీకు రాని పని వెతుక్కుంటూ వెళ్లడం దేనికి, వచ్చిన పనితోనే లోపలికి వెళ్లండి.

సందేహాల_సత్తి
ఒక డౌట్. మా పిన్ని కొడుక్కి ఐరాస లోగోతో మెయిల్ వచ్చింది. క్యాంప్ సూపర్‌వైజర్, నెలకు 6 వేల డాలర్లు, మెడికల్, వీసా కింద 45 వేలు ముందు కట్టాలట. నిజమేనా?

జెనీవా_కాదు_జనగామ
కట్టొద్దు!! ఐరాస సంస్థలు అప్లికేషన్‌కి, ఇంటర్వ్యూకి, ట్రైనింగ్‌కి, దేనికీ పైసా అడగవు.

సందేహాల_సత్తి
నిన్ననే కట్టేశాడు.

నల్లకోటు
వెంటనే 1930కి ఫోన్ చేయించండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ.

వాన_చినుకు
అందరికీ థాంక్స్. రాత్రి నాన్నకి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. ఇంజనీరు గారి గడియ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఆయన పంచాయతీరాజ్‌లో ఏఈగా రిటైరయ్యారు, "మేం కట్టినవాటికి గడియలున్నాయో లేదో" అని చాలాసేపు ఏం మాట్లాడలేదు. లోన్ విషయంలో మాత్రం మెత్తబడలేదు. బస్సక్కా, నేను ఒకసారి బాలాపూర్ వచ్చి చూడొచ్చా?

బాలాపూర్_బస్సు
చూడటానికి అయితే వద్దు. ప్రతి నెలా ఎవరో ఒకరు బిస్కెట్ ప్యాకెట్లతో, కెమెరాతో వస్తారు. పిల్లలకి పోజులు కూడా అలవాటైపోయాయి. పని చేయడానికైతే రండి. మెసేజ్ పెట్టాను, శనివారాలు కుదురుతుందేమో చూడండి.

వాన_చినుకు
అప్‌డేట్ ఇస్తున్నాను, పదహారు రోజులైంది. సీటు వచ్చే ఏడాదికి వాయిదా అడిగాను, ఒప్పుకున్నారు. ఉద్యోగం మానలేదు. రెండు శనివారాలు వెళ్లాను. శిబిరం లోపలికి కాదు, ఆఫీసులో కూర్చోబెట్టి ఎక్సెల్ షీటు ఇచ్చారు. స్కూలు కిట్ల జాబితాలో డబుల్ ఎంట్రీలు తీసేయాలి. ఇది పావుగంట పని అనుకున్నా. పుట్టిన తేదీ కాలమ్ చూసి మతిపోయింది, సగం మందికి జనవరి 1.

బాలాపూర్_బస్సు
అసలు తేదీ తెలియకపోతే సంవత్సరం అంచనా వేసి జనవరి 1 రాస్తారు. మా దగ్గర కొత్త సంవత్సరం రోజు ఊరంతా పుట్టినరోజే.

పుల్లట్టు
కేకుల షాపు పెడితే సరి. మీ నాన్నగారికి వేసిన ఓటు సగం వెనక్కి తీసుకుంటున్నాను.

వాన_చినుకు
ఒక చోట ఆగిపోయాను అక్కా. ఇద్దరు పిల్లలు, ఒకే పేరు, తండ్రి పేరు ఒకటే, ఇద్దరికీ జనవరి 1, అదే సంవత్సరం. డూప్లికేట్ అని ఒకటి డిలీట్ చేయబోయాను, ఎందుకో చెయ్యి ఆగింది. [ఈ పోస్టులో రెండు పేర్లు, ఒక ఇంటి నంబరు తొలగించాం. మోడరేటర్]

బాలాపూర్_బస్సు
ఆగడం మంచిదైంది, వాళ్లు ఇద్దరు. తల్లి పేరు కాలమ్ కలుపు, ఫోన్ చేసి అడిగాకే ఏదైనా తీసెయ్. ఇంకో సంగతి. మోడరేటర్ గారూ, పైపోస్టు చూసిన వెంటనే మీకు మెసేజ్ పెట్టింది నేనే. చెల్లీ, ఆ పేర్లు, ఇంటి నంబరు ఇక్కడ ఎందుకు రాశావు? ఈ థ్రెడ్ ఎవరు చదువుతారో మనకి తెలీదు.

వాన_చినుకు
నిజమే అక్కా. ఎగ్జాంపుల్‌గా ఉంటుందని పేస్ట్ చేసేశాను, అసలు తట్టనేలేదు. షీటు నా పర్సనల్ మెయిల్‌కి కూడా పంపుకున్నాను.

బాలాపూర్_బస్సు
ఇప్పుడే డిలీట్ చెయ్. ట్రాష్‌లోంచి కూడా. చేసి నాకు ఫోన్ చెయ్.